రాట్నం మీద నలభై నాలుగు కిలోమీటర్లు

“దానికేం ఎరుక సార్, ఇంట్ల కూసుండే ఆడిది” అన్నావు చూడు భూమయ్యా, ఆనందాన్ని రెండోసారి చంపింది ఆ మాటే. మొదటిసారి చంపినవాళ్లకు తుపాకులున్నాయి. నీకు నోరొక్కటే ఉంది, అది కూడా నా ముందు తప్ప ఇంకెక్కడా లేవదు. విచారణకు వచ్చిన పెద్దసారూ, మీరూ వినండి. ఆ మాటకు మీరు నవ్వారు. మీ పక్కన కూర్చుని రాసే మనిషి కలం ఆపి మరీ నవ్వాడు. వరండాలో నిలబడ్డ కులపెద్దలు, బీడీ కార్ఖానా పెద్దమనుషులు, మీరు నేల చూపులు చూశారు. మీరందరూ కలిసి చేసిన చావు ఇది. అందులో నా చెయ్యి కూడా ఉంది. అదీ చెప్తాను, దాచను.

భూమయ్య నా మొగుడు. కోరుట్లలో మోటారు సైకిళ్లు బాగుచేసే దుకాణం ఆయనది. మొగుణ్ణి పేరు పెట్టి రాస్తున్నందుకు మా అత్త ముత్తవ్వ చెంపలేసుకుంటుంది. వేసుకోనీ. పదిహేడేళ్ల కాపురంలో ఆయన నన్ను నా పేరుతో పిలిచింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారి ఎందుకు పిలిచాడో చెప్పడానికే ఇదంతా. నా పేరు సరోజన.

సిరిసిల్లలో సాలోళ్ల ఇంట్లో పుట్టాను. నాయన మగ్గం మీద కూర్చుంటే అమ్మా నేనూ రాట్నం దగ్గర కూర్చునేవాళ్లం. కుడి చేత్తో చక్రం తిప్పుతుంటే కదురు గిర్రున తిరిగి కండెకు నూలు చుట్టుకునేది. చక్రం ఒక్కసారి తిరిగితే కదురు ఇరవైసార్లు తిరుగుతుంది. ఈ లెక్క నాకు బడిలో చెప్పలేదు, నేను బడికి పోలేదు. చేతికి తెలిసిన లెక్క. పొద్దంతా చుట్టినా దాన్ని ఎవరూ పని అనలేదు. చీర ఎవరు నేశారంటే నాయన పేరే చెప్పేవాళ్లు. మా అమ్మ వజ్రమ్మను ఎవరైనా ఏం చేస్తావని అడిగితే, తిరుగుతున్న చక్రాన్ని ఆపకుండానే “నేనేం జేస్త బిడ్డా, ఖాళీగనే ఉంట” అనేది. ఒక్క పని మాత్రం చేసేది. తను చుట్టిన ప్రతి కండెకు మొదట్లో ఒక ఎర్ర పోగు ముడేసేది. నూలు అయిపోయేదాకా అది ఎవరికీ కనిపించదు. “నాకు ఎరుకైతే సాలు” అనేది. నా పెళ్లికి ఆ రాట్నాన్నే నా వెంట పంపింది.

కోరుట్లలో ముందు దుకాణం, వెనక మేముండే అర్ర, ఆ వెనక పెరడు. నీళ్లు మోసి, వండి, ఆకు తడిపి, కత్తిరించి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని. మధ్యమధ్యలో ముందు నుంచి కేక వచ్చేది. ఏయ్, పానా అందియ్యి. ఏయ్, గీ చక్రం పట్టుకో. అందిస్తూ అందిస్తూనే పని నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు. సామాన్ల డబ్బాల మీద అక్షరాలు, గోడకు అంటించిన పాత పేపర్లు చూసి చదువూ అట్లాగే నేర్చుకున్నాను. నా రాతలో తప్పులుంటే ఉండనీయండి, మాటలో లేవు.

మీటర్ల పని నా చేతికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. బండి ముందు చక్రం దగ్గర పళ్లచక్రాల చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అక్కడినుంచి ఒక కేబుల్ మీటరు దాకా వస్తుంది. చక్రం తిరిగితే కేబుల్ లోపలి తీగ తిరుగుతుంది. తీగ తిరిగితే బండి ఎంత దూరం పోయిందో చెప్పే అంకెలు కదులుతాయి, ఎంత వేగంగా పోతున్నదో చెప్పే ముల్లు లేస్తుంది. ఆ ముల్లును వెనక్కి లాగి పట్టే స్ప్రింగు తలవెంట్రుకంత సన్నగా ఉంటుంది. భూమయ్య వేళ్లు లావు. ఒకరోజు ఒక స్ప్రింగును తుంపి, రెండో దాన్ని నలిపి, మీటరును నేలకేసి కొట్టబోతే నేను చేతిలోంచి తీసుకున్నాను. తెగిన పోగులు అతికి అతికి పెరిగిన వేళ్లు నావి. గడియ సేపట్లో సరిచేశాను. ఆనాటి నుంచి మీటరు వస్తే వెనక అర్రలోకి వచ్చేది, బాగై ముందు నుంచి పోయేది. “భూమయ్య చెయ్యివడితె మీటరు గడియారం లెక్క నడుస్తది” అని కోరుట్ల అంతా పేరు పాకింది. ఒకసారి ఒకాయన తడక సందులోంచి చూసి, “ఏందే భూమయ్యా, నీ పెండ్లాం జేస్తున్నదా?” అంటే, “ఊకె పట్టుకొమ్మంటె పట్టుకున్నది” అన్నాడు. ముత్తవ్వ అయితే రోజూ అదే పాట. “మొగనికి తలవంపులు దేకు. గా చేతుల నూనె కడుక్కో, ఎవలన్న సూస్తరు.” నేను కడుక్కునేదాన్ని. సున్నం పెట్టి, బూడిద పెట్టి, గోళ్ల కింది నలుపు పోయేదాకా. పని చేసిన చేతులకే సిగ్గుపడటం నేర్పింది ఈ ఇల్లు.

కానీ నేనూ వజ్రమ్మ కూతురినే. మీటరు ఏది విప్పినా, అంకెల పలక వెనక సూదితో గీసేదాన్ని. తారీఖు, అప్పటి అంకె, కింద ఒక ‘స’. మళ్లీ మూత బిగిస్తే ఎవరికీ కనిపించదు. బండాయన కోసం మాత్రం దుకాణం తలుపు చెక్క మీద సుద్దతో పేరూ అంకే రాసేదాన్ని. ఆ రాత కూడా భూమయ్యదే అనుకునేవాళ్లు.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఆనందం వచ్చాడు. బీడీలు చేసే ఆడవాళ్ల తరఫున కార్ఖానాలో కొట్లాడే మనిషి. మంచి బీడీలను చెత్త అని తీసి పారేసే గుమాస్తా ముందు కూర్చుని, ఒక్కో బీడీ ఎత్తి “గిదేమైంది? గిదేమైంది?” అని పొద్దుగూకేదాకా అడిగేవాడు. అడివిలోని నక్సలైటు అన్నలకు అన్నం పెట్టాడా లేదా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. తెలిసినా చెప్పను. ఆయనకొక పాత రాజదూత్ బండి ఉండేది, దానికి మీటరు లేదు. దుబాయి నుంచి తిరిగొస్తూ బొంబాయిలో దిగిన చుట్టం ఒకడు ఏదో వేరే బండి మీటరు తెచ్చిచ్చాడు. దాన్ని ఆనందం గుడ్డలో చుట్టుకుని మా దుకాణానికి తెచ్చాడు.

“గీ బండికి మీటరు దేనికి తమ్మీ? ముప్పై మీద వోతే విడిపోతది” అన్నాడు భూమయ్య.

“స్పీడుకు గాదన్నా, సాక్ష్యానికి. ఇబ్రహీంపట్నం వోయొచ్చినా పోలీసోళ్లు ఆపుతున్నరు, కథలాపూర్ వోయొచ్చినా ఆపుతున్నరు. అడివిల ఎవల్ని కలిసినవ్ అంటరు. నా నోటిమాట నమ్మరు. మీటరుంటే సూపిస్త. ఇగో, నా బండి ఇంతనే తిరిగింది, అడివి దాక పోలే అని.”

“మీటరును నమ్ముతరా వాళ్లు?”

“మనిషిని నమ్మనోడు అంకెను నమ్ముతడన్నా” అని నవ్వాడు.

తడక ఇవతల ఆకు కత్తిరిస్తున్న నేను విన్నాను. ఈ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. సాక్ష్యానికి.

వేరే బండి మీటరు కదా, ఏదీ కుదరలేదు. ఇనుప పట్టీ వంచి హ్యాండిలుకు ఆనించాను. కేబుల్ కొస మీటరులోకి దిగకపోతే ఆకురాయితో నాలుగు వైపులా గీకి దింపాను. తర్వాత అసలు పని, అది చెప్పేది నిజమా కాదా చూడటం. దానికి రోడ్డెక్కాలి. భూమయ్య బండి నడిపాడు, ఆయన గడియారం పట్టుకుని నేను వెనక కూర్చున్నాను. ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి తొంభై సెకన్లు పడితే బండి గంటకు నలభై పోతున్నట్టు. ఆయన భుజం మీదుగా ముల్లును చూస్తూ, రాళ్లు లెక్కపెడుతూ పోతుంటే బస్టాండు దగ్గర ఎవరో అరిచారు. “ఏ సీన్మకు తోల్కవోతున్నవ్ భూమయ్యా పెండ్లాన్ని?”

“గడియారం వట్టుకునెతందుకు మనిషి గావాలె గద!” అని ఈయన జవాబు.

తొంభై సెకన్లకు రాయి దాటాం, ముల్లు ముప్పై ఆరు చూపించింది. పదకొండు రాళ్లు దాటాం, అంకెలు పదే కదిలాయి. ఇంటికొచ్చి మీటరు విప్పి, స్ప్రింగును వెంట్రుక వాసి వదులు చేసి ముల్లును దారికి తెచ్చాను. అంకెలను మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. అవి పళ్లచక్రాల మీద నడుస్తాయి, పళ్లు ఎన్నుంటే అంతే. పలక వెనక సూదితో గీశాను. తారీఖు. 8240. పదకొండుకు పది. స. తలుపు మీద సుద్దతో ‘ఆనందం 8240’ అని మాత్రమే రాశాను.

సాయంత్రం ఆయన బండి కోసం వచ్చినప్పుడు భూమయ్య చాయ్ తాగడానికి పోయాడు. మీటరు గురించి చెప్పాలని నేనే తడక పక్కకు జరిపాను. నేను నోరు తెరవకముందే ఆనందం నా గోళ్లు చూశాడు.

“వదినె, గిది నువ్వే బిగించినవా?”

అప్పటిదాకా ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. ఔనని తల ఊపి, లెక్క చెప్పాను.

“ముల్లు సక్కగనే ఉన్నది. అంకెలే, పదకొండు వోతే పది సూపిస్తయి. రోజూ గంతే తక్కువ జెప్తయి. యాది వెట్టుకో.”

“ఒక్కతీరుగ తక్కువ జెప్తే మంచిదే గద వదినె. లెక్క వెట్టుకుంట” అని కిక్కు కొట్టాడు. భూమయ్యకు కూడా చెప్పబోయాను ఆ రాత్రి వడ్డిస్తూ. “సరే సరే, కూర ఎయ్యి” అన్నాడు. కాబట్టి ఆ లెక్క ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

అందులో ఒకడు ఆ సాయంత్రం ఇల్లు చేరలేదు. దుకాణం నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో, ఊరి బయట మూలమలుపు దగ్గర, వెలుగు ఇంకా ఉండగానే జీపు అడ్డం పెట్టి పట్టుకుపోయారు. బీడీలు ఇచ్చి తిరిగొస్తున్న ఆడవాళ్లు చూశారు. బండిని నలుగురు ఎత్తి వ్యానులో వేసుకున్నారని కూడా చూశారు. రెండో రోజు పేపర్లో వచ్చింది. మోటారు సైకిల్ మీద గుట్టల దాకా పోయి, దళాన్ని కలిసి, పోలీసులను చూసి కాల్చాడట. వాళ్లు తిరిగి కాల్చారట. ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. విచారణ జరగాలన్నారు. ఒక పేపరాయన దుకాణానికి వచ్చి తలుపు మీది సుద్దరాతను ఫోటో తీసుకుపోయాడు. ‘ఆనందం 8240’. బండి మీటరు చూస్తే నిజం తేలుతుందని రాశాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం వ్యాను మా పెరటి వైపు వచ్చింది. పోలీసు జమేదారు దిగాడు, ఆనందం బండిని దింపించాడు. నేను మీటరు చూశాను. 8243. దుకాణం నుంచి మలుపు దాకా మూడు. అంతే. చచ్చినవాడి సాక్ష్యం మూడు అంకెల దూరంలో నిలబడి ఉంది.

“మలుపు నుంచి గుట్ట కాడికి నలభై నాలుగు. రాళ్లు లెక్కవెట్టుకుంట అచ్చిన” అన్నాడు జమేదారు. “మీటరు మీద గంత ఎక్కాలె. శామ్‌కు అస్త. లేకుంటే భూమయ్యా, తలుపు మీద గా రాత రాసినోడు ఎవడో అడుగుతరు. ఎవడు రాసిండు?”

“నేనే సారూ” అన్నాడు భూమయ్య. ఆ గడియలో కూడా నా రాతను తనదే అన్నాడు. నన్ను కాపాడటానికే అన్నాడని కొన్నాళ్లు అనుకున్నాను. అలవాటుకొద్దీ అన్నాడని ఇప్పుడనుకుంటున్నాను.

వ్యాను పోయాక ఆయన అర్రలోకి వచ్చి నా ముందు కూలబడ్డాడు. “సరోజనా” అన్నాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి. “సరోజనా, నీ అసొంటి పనితనం నాకేడిది? నాతోని గాదు. నువ్వే ఏదన్న జెయ్యాలె. పిల్లలున్నరు.”

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ మాటకు నా ఒళ్లు పొంగింది. తెలిసిన మనిషిని పోలీసులు చంపితే, ఆ చావును బాగుచెయ్యమని ఈయన అడుగుతుంటే, నా పనితనం ఒప్పుకున్నాడని పొంగింది. అంతగా ఎండిపోయి ఉన్నాను నేను. ఆడదాన్ని పద్నాలుగేళ్లు ఎండబెట్టి ఒక్క చుక్క నీళ్లు చూపిస్తే ఎక్కడికైనా నడుస్తుందని వీళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉపాయం కూడా నాదే. కేబుల్‌ను చక్రం దగ్గర విప్పి, అటక మీది రాట్నం దింపి, కదురు కొసకు తీగను గుడ్డతో బిగించి కట్టాను. ఒక అంకె కదలాలంటే చక్రం డెబ్బైసార్లు తిరగాలి. నలభై నాలుగు అంకెలకు మూడు వేల ఎనభైసార్లు.

పెరట్లో మట్టి మీద కూర్చుని తిప్పాను. నా ముందు బండి స్టాండు మీద నిలబడి ఉంది, చక్రాలు కదలడం లేదు, ముల్లు మాత్రం నలభైకి కాస్త తక్కువలో వణుకుతూ నిలబడింది. ఎండలో, కదలని బండి, అంత వేగంగా పోతున్నది. డెబ్బై, ఒక అంకె. డెబ్బై, ఇంకో అంకె. పదో అంకెకు పసుపు చేన్లు దాటించాను. కథలాపూర్ ఎక్కడో మధ్యలో దాటించాను. సీటు మీద ఆనందం కూర్చుని ఉన్నాడు. చచ్చిపోయి మూడు రోజులైన మనిషి, హ్యాండిలు పట్టుకుని, ముందుకే చూస్తున్నాడు. నేను ఆపితే ఆయన దిగి ఇంటికి పోతాడు. నేను తిప్పుతున్నాను కాబట్టే పోతున్నాడు. జీపువాళ్లు ఆయన్ను మలుపు దగ్గరినుంచి ఎక్కడికి తీసుకుపోయారో నాకు తెలియదు. గుట్టల దాకా బండి మీద తీసుకుపోయింది మాత్రం నేనే.

ముత్తవ్వ నీడలో కూర్చుని బీడీలు చుడుతూ అడిగింది. “ఏందే, నూలు లేకుంట కండెలు సుడుతున్నవా?”

“ఆ, కండెలే అత్తా” అన్నాను.

నలభైవ అంకె దగ్గర చెయ్యి ఆగింది. 8283. నిజంగా ఈ బండి నలభై నాలుగు కిలోమీటర్లు పోయి ఉంటే ఇక్కడే ఆగేది. పదకొండుకు పది. దుకాణం వైపు చూశాను. భూమయ్య పళ్ల మధ్య బీడీ పెట్టుకుని వీధి చూస్తున్నాడు. పిలిచి చెప్పొచ్చు. నేను చేసే పని ఏమిటో ఒక్కరోజూ అడగనివాడికి ఎందుకు చెప్పాలి? మీటరు మీద నలభై నాలుగు ఎక్కాలన్నారు, ఎక్కిస్తాను. చెప్పింది చెప్పినట్టు వినే ఆడదాన్ని కదా. ఇంకో రెండు వందల ఎనభైసార్లు తిప్పాను. 8287. అప్పుడు మూత విప్పి, పలక వెనక, మొదటి గీత కింద ఇంకో గీత గీశాను. దాని సంగతి చివర చెప్తాను. సాయంత్రం వ్యాను వచ్చి బండిని ఎత్తుకుపోయింది. జమేదారు మీటరు చూసి భూమయ్య వీపు తట్టాడు. “పనోడివిరా నువ్వు.” భూమయ్య నవ్వాడు. నా వైపు చూడలేదు.

పది రోజుల తర్వాత ఆనందం భార్య సాయమ్మ వచ్చింది. దుకాణంలోకి కాదు, పెరటి వైపు, ఆ మట్టి మీదికే. కూర్చోమంటే కూర్చోలేదు.

“అక్కా, ఒక్కటి అడుగుత. సక్కగ ఇంటికి అస్త అని జెప్పి పోయిండు. నీళ్లు కాగవెట్టుమన్నడు. వాళ్లేమో గుట్టలకు వోయిండంటున్నరు, మీటరు గట్లనే ఉన్నదంటున్నరు. ఆయన నాకు అబద్ధం జెప్పిండా?”

ఆమె న్యాయం అడగలేదు. తన మొగుడు తనకు నిజం చెప్పాడా లేదా అని అడిగింది. నా దగ్గర జవాబుంది. తడక అవతల భూమయ్య దగ్గాడు.

“మీటరు గట్లనే ఉన్నదట చెల్లె” అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆనాటి నుంచి నా చెయ్యి నా మాట వినడం లేదు. పప్పు ఎనుపుతుంటే డెబ్బై దగ్గర ఆగిపోతుంది. విసుర్రాయి తిప్పుతుంటే డెబ్బై. బావిగిలక కిర్రుమంటే డెబ్బై లెక్కపెట్టి, ఒక అంకె కదిలిందని చూస్తాను. పట్టపగలు, పిల్లలు బడికి పోయాక, పెరట్లో కదలని బండి చప్పుడు వినిపిస్తుంది. సాయమ్మ పొయ్యి మీద నీళ్లు కాగుతూనే ఉన్నాయి. రాట్నాన్ని విరిచి పొయ్యిలో పెడదామని గొడ్డలి తీసుకుని, పెట్టలేక మళ్లీ అటకెక్కించాను. అది మా అమ్మది. అది చేసింది నేను చేయించిన పనే.

విచారణకు భూమయ్యను సాక్షిగా పిలిచారు. నేనూ పోయాను, సాయమ్మ పక్కన నిలబడ్డాను. మీటరు తానే బిగించానని, అంకెలు సరిగ్గా ఉన్నాయని, రోడ్డు మీద రాళ్లు లెక్కపెట్టి చూశానని చెప్పాడు. నా పని మొత్తం, నా రాళ్లతో సహా, ఆయన నోట్లోంచి వచ్చింది. తలుపు మీద 8240. మలుపుకు మూడు, గుట్టకు నలభై నాలుగు. మీటరు మీద 8287. సరిపోయిందని రాసుకున్నారు. అప్పుడు నేను లోపలికి నడిచాను.

“మీటరు బిగించింది నేను సారూ. గా లెక్క తప్పు.”

పెద్దసారు తలెత్తి చూశాడు. “మీ ఆయన చెప్పిండు కదమ్మా.” రాసే మనిషి కలం ఆపి, “ఆడోళ్లు సుత మీటర్లు బిగిస్తున్నరా సార్ కోరుట్లల?” అన్నాడు. నవ్వులు. అప్పుడే నువ్వన్నావు భూమయ్యా, ఆ మాట. “దానికేం ఎరుక సార్, ఇంట్ల కూసుండే ఆడిది.” నన్ను చేయి పట్టుకుని బయటికి తెచ్చి, మెట్ల మీద చెవిలో “నీకు పిచ్చివట్టిందా, ఏందే?” అన్నావు. మళ్లీ ‘ఏందే’కు దిగావు. నేరం చెయ్యడానికి సరోజనను, నిజం చెప్పబోతే ఆడిదాన్ని.

మూడేళ్లు నోరు మూసుకున్నాను. భయం అనండి, పిల్లలు అనండి, అన్నీ నిజమే. మొన్న బీడీలు ఇవ్వడానికి పోతే కార్ఖానా గోడ మీద కాగితం అంటించి ఉంది. పట్టుబడ్డ బండ్లను వచ్చే సోమవారం వేలం వేస్తారట. మీటరు లేని ఒక స్కూటరు, రెండు సైకిళ్లు, ఒక రాజదూత్. కొన్నవాడు ఆ మీటరును విప్పి పారేస్తాడు. ఆనందం సాక్ష్యానికి అని బిగించుకున్న మీటరు తుక్కులోకి పోతుంది. ఆ కాగితం ముందు నిలబడి ఉండగా నా చెయ్యి తిరగడం ఆగింది. నేరుగా సాయమ్మ ఇంటికి పోయాను.

“నీళ్లు కాగవెట్టుమని జెప్పి ఇంటికే అస్తున్నడు చెల్లె. మలుపు దాటలే. మిగిలింది నేను తిప్పిన” అన్నాను.

ఆమె నన్ను కొట్టింది. రెండు చెంపలూ. తర్వాత గడప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. లేచి మొహం కడుక్కుని, “సోమవారం ఎన్ని గంటలకు?” అని అడిగింది. మేమిద్దరం వస్తున్నాం.

అందుకని ఇప్పుడు చెయ్యవలసింది చెప్తున్నాను, అర్జీ కాదిది. వేలం ఆపండి. ఆ రాజదూత్‌ను అందరి ముందుకు తోసుకురండి. మలుపు నుంచి గుట్ట దాకా రాళ్ల లెక్కన అదే మీటరుతో బండి నడిపి చూడండి, నలభై మించి ఒక్క అంకె ఎక్కితే నా నాలుక కోయండి. మీ కాగితాల్లో నలభై నాలుగుంది. ఎక్కువైన ఆ నాలుగు కిలోమీటర్లు ఏ రోడ్డు మీద ఉన్నాయో వెతకండి. మా పెరట్లో ఉన్నాయి. మీటరు మూత విప్పండి, పలక తిప్పండి. మొదటి గీత ‘8240, పదకొండుకు పది, స’. దాని కింద రెండో గీత ఉంటుంది. ‘8243 నుంచి రాట్నం మీద తిప్పిన, స’. నన్ను కూడా కేసులో పెట్టండి, నేను చేసిందానికి నేను వేలిముద్ర కాదు, సంతకం పెడతాను. కానీ ఫలానావాని భార్య అని రాస్తే పెట్టను. పేరు సరోజన. పని, మీటర్లు బిగించడం. అట్లా రాసుకుని, స్క్రూడ్రైవరు నా చేతికియ్యండి.